క్రిల్ ఎన్ని ఉన్నాయి? సముద్రం మారలేదు, లెక్క మారింది

"అన్నా, క్రిల్ ఆయిల్ క్యాప్సూల్ కొనొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. ఒంటికి మంచిదా కాదా అన్నది డాక్టర్‌నే అడగండి. నేను ఆ క్యాప్సూల్ వెనక ఉన్న జీవి గురించి చెప్తా. ఎందుకంటే 2025 ఆగస్టులో అంటార్కిటికా దగ్గర క్రిల్ వేటను సీజన్ ఇంకో నాలుగు నెలలు ఉండగానే ఆపేశారు. కోటా మొత్తం అయిపోయింది. ఇట్ల జరగడం ఇదే ఫస్ట్ టైమ్.

క్రిల్ ఫొటో చూపిస్తే మన అంగట్ల ఎండు రొయ్యలు కొనేవాళ్లు "గివి రొయ్యలే కదా" అంటరు. దగ్గరి పోలికే. రొయ్యకు చుట్టం అనుకోండి. బాగా పెరిగితే 6 సెంటీమీటర్లు, బరువు 2 గ్రాముల దాకా. తిమింగలం, పెంగ్విన్, సీల్, అన్నీ దీని మీదే బతుకుతాయి. మనుషులు పట్టుకున్నది ఎక్కువగా చేపల పెంపకంలో మేతకు, కొంత ఆయిల్‌కు పోతది.

మరి ఎంత పట్టొచ్చు? అది తెలియాలంటే ముందు ఎంత ఉందో తెలియాలి. కథంతా ఇక్కడే ఉంది.

మన ఆదిలాబాద్ వైపు కవ్వాల్ అడవిలో పులుల్ని ఎట్ల లెక్కపెడతారు? చెట్లకు కెమెరాలు కడతారు, ఫొటోలో చారలు చూసి ఇది ఫలానా పులి అని గుర్తుపడతారు. క్రిల్‌కు చారలు లేవు, గుంపులో కోట్లలో ఉంటాయి. వల వేస్తే, వల రావడం చూసి వెనక్కి ఎగిరి తప్పించుకుంటాయి. పోనీ సైజు చూసి వయసు చెప్దామా అంటే అదీ కుదరదు. 1982 లో ల్యాబ్‌లో తిండి పెట్టకుండా ఉంచితే 200 రోజులకు పైగా బతికాయి. ఎట్లనో తెలుసా? పెంకు విడిచిన ప్రతిసారీ ఒళ్లు చిన్నగా చేసుకుంటూ పోయాయి. అంటే చిన్నగా ఉన్నది పిల్ల కావొచ్చు, ఆకలితో కుంచించుకుపోయిన ముసలిది కూడా కావొచ్చు.

శాటిలైట్ ఉంది కదా బ్రో అంటారేమో. మన హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసు! సముద్రం మీద పచ్చదనం, వేడి శాటిలైట్‌తో చూసి చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలర్లకు చెప్తారు. కానీ క్రిల్ పిల్లలు మొదటి చలికాలం మంచు అడుగున అంటుకున్న నాచు తిని గడుపుతాయి. మంచు కింద ఏముందో శాటిలైట్‌కు కనపడదు.

అందుకే ఓడ అడుగు నుంచి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని కొలుస్తారు. గబ్బిలం టెక్నిక్. 2000 లో జపాన్, రష్యా, బ్రిటన్, అమెరికా, నాలుగు దేశాల ఓడలు కలిసి దక్షిణ అట్లాంటిక్ భాగంలో ఇట్ల సర్వే చేశాయి. వచ్చిన లెక్క 4.43 కోట్ల టన్నులు. 2007 లో అదే డేటాను మళ్లీ లెక్కేస్తే 3.73 కోట్లు. 2010 లో ఇంకోసారి వేస్తే 6.03 కోట్లు!

నేను కోడ్ రాసి బతికినవాణ్ణి కాబట్టి ఇక్కడ ఆగిపోయా. ఇన్‌పుట్ ఒకటే, ఔట్‌పుట్ మూడు. సముద్రంలోకి కొత్తగా ఒక్క క్రిల్ రాలేదు. మారింది మోడల్. క్రిల్ ఏ కోణంలో వంగి ఈదుతుంది, దాన్నిబట్టి ప్రతిధ్వని ఎంత తిరిగొస్తుంది, ఏది క్రిల్ ఏది వేరేది, ఇవన్నీ మార్చితే కోట్ల టన్నులు అటూ ఇటూ అయితాయి. దీన్ని నేను మోసం అనను. పాత లెక్కలో తేడా ఉందని వాళ్లే బయటపెట్టి సరిచేసుకున్నారు. 2019 లో మళ్లీ ఓడలు పోతే 6.26 కోట్ల టన్నులు వచ్చింది.

ఇంకో గొడవ కూడా ఉంది. 1926 నుంచి వేసిన వలల లెక్కలన్నీ పోగేసి, ఆ ప్రాంతంలో 1970ల తర్వాత క్రిల్ బాగా తగ్గిందని, దానికీ చలికాలపు మంచుకూ లింక్ ఉందని 2004 లో ఆంగస్ అట్కిన్సన్ టీమ్ రాసింది. 2018 లో మార్టిన్ కాక్స్ టీమ్ అదే వలల డేటా తీసుకొని 1976 తర్వాత తగ్గుదల కనపడట్లేదని చెప్పింది. వలలు రకరకాలు, వేసిన లోతులు వేరు, వాటిని ఒక్క కొలతకు తేవడంలోనే తేడా. 2019 లో అట్కిన్సన్ వాళ్లు మళ్లీ వచ్చి, క్రిల్ 90 ఏళ్లలో 400 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిగింది అన్నారు. నాకైతే ఈ మాటే బలంగా అనిపిస్తది. ఎన్ని ఉన్నాయో అనుమానం ఉన్నా, ఎక్కడ దొరుకుతున్నాయో చెప్పడం కొంచెం తేలిక.

ఇప్పుడు కోటా సంగతి. అది ఏడాదికి 6.2 లక్షల టన్నులు. 6 కోట్లలో ఒక్క శాతం. ఒక్క శాతమే కదా, ఏమైతది? ఫస్ట్ పాయింట్, ఆ నంబర్ క్రిల్ జీవితం చూసి పెట్టింది కాదు. ఒక్కో ప్రాంతంలో గతంలో ఎక్కువలో ఎక్కువ ఎంత పట్టారో చూసి కూడేశారు, అంతే. రెండోది అసలైనది. ఆ 6.2 లక్షలు ఒకే చోట పట్టకుండా నాలుగు ప్రాంతాలకు పంచే రూల్ ఉండేది. 2024 లో దాన్ని పొడిగించడానికి దేశాలు ఒప్పుకోలేదు, రూల్ పోయింది. 2025 లో ఓడలు అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర గుమిగూడాయి. అక్కడే పెంగ్విన్లు, తిమింగలాలు తినేది కూడా.

మన దగ్గర చెప్పాలంటే, జిల్లా మొత్తం చెరువుల్లో చేపలు ఫుల్. కానీ మన ఊరి చెరువు ఒక్కటే ఊడ్చేశారు. గూట్లో పిల్లల్ని పెట్టుకున్న కొంగ పక్క మండలానికి పోయి వేటాడి వస్తదా? పెంగ్విన్‌ది అదే ప్రాబ్లం. ఒక్క శాతం అన్న లెక్కలో ఆ కొంగ కనపడదు.

మనకేంటి సంబంధం అంటారా? 1995-96 లోనే మన సాగర్ సంపద ఓడ క్రిల్ కోసమే దక్షిణ మహాసముద్రం దాకా పోయింది. అంటార్కిటికాలో మన భారతి స్టేషన్ ఉన్నది ప్రిడ్జ్ బే వైపు, అక్కడి నీళ్లలోనూ క్రిల్ ఉంది. పైగా ఈ రూల్స్ పెట్టే సంస్థ, ఆస్ట్రేలియా హోబర్ట్‌లో ఉన్న కమిషన్‌లో ఇండియా 1980ల నుంచి మెంబర్. అక్కడ మెజారిటీ చెల్లదు, అందరూ సరే అనాలి. ఒక్క దేశం కాదంటే ఆగిపోతది. ప్రతి అక్టోబర్‌లో మీటింగ్. ఆ పంచే రూల్ మళ్లీ వస్తదా రాదా తేలాల్సింది అక్కడే.

డౌట్లు కామెంట్లలో పెట్టండి. ఉంటా మరి.