విద్యార్థుల వ్రాతలలో గ్రంథచౌర్యము: దానిని కనిపెట్టు విధము

 

వ్యాసములు వ్రాయించి బాలబాలికలకు బహుమానములును, విద్యార్థివేతనములును ఇచ్చుట కులసంఘములలో చిరకాలముగా వచ్చుచున్న సదాచారము. పరుల వ్రాతను తనదిగా చూపినవానికి బహుమానము దక్కినచో, స్వయముగా శ్రమించిన బీదవిద్యార్థి నష్టపోవును. చేయని చౌర్యము మోపబడిన విద్యార్థి అంతకంటెను నష్టపోవును. కావున ఈ పరీక్ష యెట్లు జరుగునో దాతలును, తలిదండ్రులును తెలిసికొనవలయును.

ఈ దోషము క్రొత్తది కాదు. వేయియేండ్లకు పూర్వమే రాజశేఖరుడు తన కావ్యమీమాంసయందు పరుల శబ్దములను, అర్థములను హరించుటను గూర్చి ప్రత్యేకాధ్యాయములు వ్రాసియున్నాడు.

అనుభవముగల ఉపాధ్యాయుడు మొదట భాషను చూచును. ఒకచోట “చేసింది” అనియు, వెంటనే “చేసెను” అనియు నున్నచో, రెండు చేతుల వ్రాత కలిసినదేమో యని శంకించును. తరగతిలో చిన్నసంధిని విడదీయలేనివాడు ఇంటినుండి దీర్ఘసమాసములతో వ్యాసము తెచ్చినచో, వాని పాత నోటుపుస్తకముతో పోల్చి చూచును. ఇద్దరి కాగితములలో ఒప్పులు ఏకమగుట సహజము. ఒకే తప్పు ఒకేచోట పడుట అరుదు. అడిగిన ప్రశ్నకు సంబంధింపని వాక్యములును, ఎచ్చటను లేని గ్రంథముల పేర్లును గూడ జాడలే.

ఇక యంత్రముల మాట. విశ్వవిద్యాలయ ధనసహాయసంఘమువారు 2018లో చేసిన నిబంధనల ప్రకారము, సిద్ధాంతవ్యాసమున నూటికి 10 పాళ్లవరకు పోలిక యున్నచో శిక్ష లేదు. 10 దాటి 40 వరకు నున్నచో ఆరుమాసములకు మించని గడువులో సవరించి యీయవలయును. 60 దాటినచో నమోదు రద్దగును. మూలమును పేర్కొని యుదాహరించిన భాగము ఈ లెక్కలోనికి రాదు. యంత్రము చూపునది పోలికయే గాని చౌర్యము కాదు. ఆ రెంటికిని గల భేదమును మనుష్యుడే తేల్చవలయును. ఆంగ్లమునుండి తెనిగించి తనదన్న వ్రాత ఇట్టి పోలికకు తరచుగా చిక్కదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట చిక్కు హెచ్చినది. అది అప్పటికప్పుడు కూర్చు వాక్యములకు మూలగ్రంథము దొరకదు. అట్టి వ్రాతను పట్టుదుమను యంత్రములు ఏడింటిని 2023లో స్టాన్‌ఫర్డు పరిశోధకులు పరీక్షించిరి. ఆంగ్లము మాతృభాష కానివారు స్వయముగా వ్రాసిన 91 వ్యాసములలో, సగటున నూటికి 61 పాళ్లు యంత్రరచనలని అవి తప్పుగా తీర్పుచెప్పినవి! చాట్‌జీపీటీని చేసినవారే తమ శోధనయంత్రమును, అది నమ్మదగినంత సరిగా పనిచేయలేదని, 2023 జూలైలో ఉపసంహరించుకొనిరి. తెలుగింట పుట్టి, నేర్చిన చిన్నమాటలతో జాగ్రత్తగా ఆంగ్లము వ్రాయు మన పిల్లలకు ఈ ప్రమాదము ఎంతటిదో యోచింపుడు.

కావున నా మనవి యొక్కటే. యంత్రము చూపిన అంకెనుబట్టి మాత్రమే ఏ బాలునికిని వేతనము నిలుపరాదు. చిత్తుప్రతిని తెప్పించి చూడవలయును. పదినిమిషములు ఎదుట కూర్చుండబెట్టి, “నాయనా, ఈ మాట ఏల వ్రాసితివి? దీని కర్థమేమి?” అని దయతో నడుగవలయును. తాను వ్రాసినవాడు తడబడినను దారి చెప్పగలడు. ఎత్తివ్రాసినవాడు తన వాక్యమునకే అర్థము చెప్పజాలడు. దొరికినవానిని గూడ వెలివేయక, మూలము పేర్కొను పద్ధతి నేర్పి, మరల వ్రాయింపుడు.

దాతలిచ్చు ధనము నిజమైన శ్రమకు చేరుగాక యని కోరుచు, ఇంతటితో విరమించుచున్నాను.