తూటా ఎంచుకునే ముందు

2016 రియో ఒలింపిక్స్ గాల్లోకి విసిరిన మట్టి పళ్లేలను పేల్చే ట్రాప్ షూటింగ్‌లో మన హైదరాబాదీ కైనాన్ చెనాయ్ పోటీపడ్డారు. మేడ్చల్, శామీర్‌పేటల్లో ఆ ఆట నేర్చుకోవాలనుకునే వారికి నాలుగు మాటలు.

ముందు తుపాకీ గొట్టం మీది అక్షరాలు చదవండి. ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే, అందులో ఒక్క గుండు పట్టే వెడల్పే 12 బోరు. అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. 20 బోరు తూటా పొరపాటున 12 బోరు తుపాకీలో పడితే లోపలికి జారి ఇరుక్కుంటుంది. దాని వెనకాల మరో తూటా పేల్చితే గొట్టమే పగులుతుంది. 20 బోరు తూటాకు పసుపు రంగు వేసేది అందుకే. రెండూ ఒకే జేబులో ఎన్నడూ వేసుకోవద్దు. తూటా పొడవు కూడా తుపాకీలో తూటా పట్టే గదికి సరిపోవాలి.

తరువాత తూటాలోని సీసపు గుళ్లు. ఇక్కడా అంకె పెరిగితే గుండు చిన్నదవుతుంది. దూరంగా దూసుకుపోయే ట్రాప్ పళ్లేనికి ఏడున్నర నంబరు, దగ్గరగా సాగే స్కీట్ అనే మరో ఆటకు 9 నంబరు వాడతారు. పోటీ తూటాలో 24 గ్రాముల గుళ్లుంటాయి. దెబ్బ తక్కువ కాబట్టి కొత్తవారి భుజానికీ అదే మేలు.

లైసెన్సు లేనిదే తూటా కొనకూడదు. లైసెన్సు ఉన్నా, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషిద్ధం. శామీర్‌పేట జింకలూ నెమళ్లూ మనవే. మన గురి మట్టి పళ్లెం మీదే ఉండాలి.