బెల్లోస్ కొనే ముందు యాంకర్ ఎక్కడుందో చూడండి

ఇవాళ్టి ఎపిసోడ్ చిట్యాల నుంచే, మా షెడ్డు ముందల కూర్చొని మాట్లాడుతున్న. వెనక హైవే మీద లారీల చప్పుడు వస్తది, కొంచెం సర్దుకోండి.

చాన్నాళ్ల నుంచి ఐటీఐ, డిప్లొమా పిల్లలు ఒకటే అడుగుతున్నరు: "అన్నా, స్టీమ్ లైన్‌కు బెల్లోస్ ఎట్ల సెలెక్ట్ చేయాలె? సైజు చెప్తే సరిపోతదా?" సరిపోదు. ఒకప్పుడు సైజు చెప్పి కొన్నది నేనే. ఆ సంగతి తర్వాత చెప్తా, ముందు వస్తువు ఏందో చూద్దాం.

కమ్మరి కొలిమి దగ్గర తిత్తి చూసిండ్రా? సాగుతుంది, ముడుచుకుంటుంది. ఇంగ్లీషులో బెల్లోస్ అంటే అదే. హార్మోనియం వెనక ఊపే మడతలు కూడా అదే. ఫ్యాక్టరీలో వాడేది తోలుతో కాదు, పల్చటి స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుతో చేస్తరు, గొట్టం చుట్టూ ముడతలు ముడతలుగా. దానికి రెండు పక్కల ఫ్లాంజ్ గానీ వెల్డింగ్ ఎండ్ గానీ పెడితే ఎక్స్‌పాన్షన్ జాయింట్ అయింది. హైవే మీద బ్రిడ్జి ఎక్కినప్పుడు టైరు కింద 'టక్' మంటది కదా, అక్కడ ఉండేదీ ఎక్స్‌పాన్షన్ జాయింటే. పని ఒకటే, వేడికి సాగే వస్తువుకు జాగా ఇయ్యడం.

ఎంత సాగుతది? మామూలు ఎంఎస్ పైపు, 30 మీటర్ల పొడుగు అనుకోండి. 10 కేజీ ప్రెషర్ స్టీమ్ అంటే వేడి సుమారు 180 డిగ్రీలు. బయట 30 ఉంటే తేడా 150. స్టీల్ మీటరుకు, డిగ్రీకి 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. గుణిస్తే 54 మిల్లీమీటర్లు, రెండు ఇంచులకు పైనే. అదే పైపు 304 స్టెయిన్‌లెస్ అయితే 76 దాకా పోతుంది. రెండు చివర్లూ బిగించి ఉంచితే పైపు వంగుతుంది, లేదా పంపు నాజిల్‌ను పట్టుకొని నెడుతుంది. అందుకే మధ్యలో బెల్లోస్ పెడతరు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు.

ఇప్పుడు నా సంగతి. కంపెనీ పేరు చెప్పను, చిట్యాల చుట్టుపక్కలదే. నేను మెయింటెనెన్స్‌ల ఉన్న. 8 ఇంచుల స్టీమ్ హెడర్ మీద పాత బెల్లోస్ లీకైంది. ఇండెంట్ రాసింది నేనే: "8 ఇంచులు, ఎస్ఎస్, ఫ్లాంజ్డ్, 1 నంబర్." అంతే. కొత్తది వచ్చింది, తళతళ మెరుస్తుంది, బోల్టులు వేసినం. పాతదానికి రెండు పక్కల లావు రాడ్లు ఉండె, దీనికి లేవు. "ట్రాన్స్‌పోర్ట్ రాడ్లేమో" అనుకొని వదిలేసిన. అంతకుముందే కేబుల్ ట్రే వేసేటోళ్లు ఆ లైన్‌కు ఉన్న యాంకర్ బ్రాకెట్‌ను గ్యాస్ కట్టర్‌తో కోసిన్రు. పైపు ఊరికే సపోర్టుల మీద పడుకొని ఉంది. మాలో ఎవ్వరం పట్టించుకోలే.

స్టీమ్ ఇచ్చినం. ప్రెషర్ ఎక్కుతుంటే పైపు మెల్లగ జరిగింది. ముడతలు విప్పుకొని సాపు అయినయి, పక్క ఫ్లాంజ్ తెరుచుకుంది. కింద నిలబడ్డ హెల్పర్ తమ్ముని మోచెయ్యి దాకా కాలింది. బతికిండు. కాని ఆ చేతి వేళ్లు ఇప్పటికీ పూర్తిగ ముడుచుకోవు.

ఎందుకైంది? పైపు లోపల ప్రెషర్ ఉన్నప్పుడు చివరన ఉన్న మూతనో, మలుపునో బయటికి నెడుతుంది. మామూలు పైపులో ఆ నెట్టుడును పైపు గోడే లాగి పట్టుకుంటుంది. బెల్లోస్ పెట్టిన చోట ఆ గోడను మనమే కోసినట్టు లెక్క. తిత్తి లాగి పట్టదు, సాగడమే దాని గుణం. లెక్క చూడండి. 8 ఇంచుల బెల్లోస్ ముడతల సగటు వ్యాసం 23.5 సెంటీమీటర్లు అనుకుందాం. విస్తీర్ణం 434 చదరపు సెంటీమీటర్లు. ఒక్కోదాని మీద 10 కిలోలు, అంటే 4,340 కిలోలు. ఇసుక నింపిన ట్రాక్టర్ ట్రాలీ ఆ పైపును నెడుతున్నట్టు. హైడ్రో టెస్ట్ ఒకటిన్నర రెట్లతో చేస్తే ఆరున్నర టన్నులు. దీన్నే ప్రెషర్ థ్రస్ట్ అంటరు. దీన్ని ఆపేది యాంకర్, లేకపోతే టై రాడ్లు. నేను చూసి వదిలేసిన రాడ్లే అన్నాళ్లు ఆ లైన్‌ను కాపాడినయి.

ఇదేదో మా దగ్గరి చిన్న ముచ్చట అనుకోకండి. 1974 జూన్ 1, శనివారం సాయంత్రం, ఇంగ్లండ్‌ల ఫ్లిక్స్‌బరో అనే చోట నైప్రో ఫ్యాక్టరీ పేలింది. నైలాన్ ముడిసరుకు తయారుచేసే ప్లాంట్ అది. వరుసగా ఆరు రియాక్టర్లు, మెట్లలాగా ఒకదానికంటే ఒకటి కిందికి. మార్చిలో 5వ రియాక్టర్‌కు పగులు కనపడితే దాన్ని తీసేసి, 4 నుంచి 6కు 20 ఇంచుల బైపాస్ పైపు వేసిన్రు. రియాక్టర్ల నోళ్లు 28 ఇంచులవి, వాటికి అప్పటికే ఉన్న బెల్లోస్‌కే ఈ పైపు రెండు చివర్లూ కలిపిన్రు. ఎత్తులు వేరు కాబట్టి పైపు కుక్క కాలులాగ వంకరగా వచ్చింది. డ్రాయింగ్? వర్క్‌షాప్ నేల మీద చాక్‌పీసుతో గీసిందే. పైపును మోసింది పరంజా గొట్టాలు. లోపల సుమారు 9 కేజీల ప్రెషర్, 155 డిగ్రీల సైక్లోహెక్సేన్. థ్రస్ట్ 38 టన్నుల దాకా, అదీ రెండు వైపులా ఒకే గీత మీద లేదు, అంటే పైపును మెలిపెట్టినట్టు నెడుతుంది. ఆ లెక్క ఎవ్వరూ వేయలేదు. వర్క్స్ ఇంజినీర్ మానేసి పోతే ఆ సీటు ఖాళీగానే ఉంది. 28 మంది చనిపోయిన్రు, అందులో 18 మంది కంట్రోల్ రూమ్‌ల. శనివారం కాబట్టి జనం తక్కువ.

సరే, అయితే ఎట్ల ఎంచుకోవాలె? నేనైతే మొదట బెల్లోస్ లేకుండా పని అయితదా అని చూస్తా. జాగా ఉంటే యూ ఆకారంల లూప్ వేయండి. మామూలు పైపే, నాలుగు ఎల్బోలు, థ్రస్ట్ బాధ లేదు, ముడతలు పగులుతాయన్న భయం లేదు. ఇన్సులేషన్ కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే. సేల్స్ వాళ్లు ఈ ముక్క చెప్పరు.

జాగా లేదంటే, పైపు ఏ దిక్కు కదులుతుందో చూడండి. పొడుగు వెంట సాగితే యాక్సియల్. దానికి రెండు వైపులా మెయిన్ యాంకర్లు తప్పనిసరి, మధ్యల గైడ్లు కావాలె. అమెరికా తయారీదారుల సంఘం ఈజేఎంఏ లెక్క ప్రకారం మొదటి గైడ్ బెల్లోస్ నుంచి నాలుగు వ్యాసాల లోపల, రెండోది అక్కడి నుంచి పద్నాలుగు వ్యాసాల లోపల. 8 ఇంచుల పైపుకు 88 సెంటీమీటర్లు, తర్వాత 3 మీటర్లు. గైడ్ లేకపోతే లోపలి ప్రెషర్‌కు పైపు పక్కకు ఒరుగుతుంది, తిత్తి పాములాగ మెలికలు తిరుగుతుంది. యాంకర్ పెట్టే వీలు లేదు, పైపు మలుపు తిరుగుతుంది అంటే టై రాడ్లున్న యూనివర్సల్, లేదా హింజ్, గింబల్ రకాలు. వీటిలో థ్రస్ట్‌ను రాడ్లూ హింజ్‌లే మోస్తయి. కాని టై రాడ్లు బిగించిన బెల్లోస్ పైపు పొడుగును మింగదు, పక్కకు కదలడాన్నే మింగుతుంది. ఇక్కడ చాలామంది పప్పుల కాలేస్తరు.

రేకు మందం గురించి ఒక మాట. "దొడ్డుగ ఉంటే గట్టిగుంటది" అని 1 మిల్లీమీటర్ అడుగుతరు. అదే మందాన్ని అర అర మిల్లీమీటర్ల రెండు పొరలుగా చేస్తే స్ప్రింగ్ బిగువు నాలుగో వంతుకు పడిపోతుంది. ప్రెషర్‌ను ఇంచుమించు అట్లనే తట్టుకుంటుంది, ముడతల మీద వంపు ఒత్తిడి తగ్గుతుంది.

ఇంకోటి, మన దగ్గర బ్యాచ్ రియాక్టర్లు ఎక్కువ కాబట్టి గట్టిగ చెప్తున్న: సైకిల్స్. డేటా షీట్‌లో 1,000 సైకిల్స్ అని ఉంటుంది. చల్లగా ఉన్న లైన్ వేడెక్కి మళ్లీ చల్లారితే ఒక సైకిల్. బాయిలర్ రోజుకోసారి ఆపితే దాదాపు మూడేళ్లు. రోజుకు మూడు బ్యాచ్‌లు తీస్తే ఏడాది కాకముందే అయిపోయింది. కరెంటు పోయి లైన్ చల్లారినా అది లెక్కలోదే. అందుకే ఇండెంట్‌ల రోజుకు ఎన్నిసార్లు అని రాయండి.

నల్గొండ నీళ్లు అంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తది. స్టెయిన్‌లెస్ బెల్లోస్‌కు భయం క్లోరైడ్‌తో. బోరు నీళ్లతో హైడ్రో టెస్ట్ చేసి, ముడతల్లో నీళ్లు ఉండంగనే స్టీమ్ ఇస్తే నీళ్లు ఆవిరై క్లోరైడ్ చిక్కబడుతుంది, సన్నటి పగుళ్లు మొదలైతయి. చాలా స్పెసిఫికేషన్లలో 50 పీపీఎం లోపు అని ఉంటుంది. టెస్ట్ చేయించుకోండి, అయిపోంగనే ఆరబెట్టండి.

పవర్ ప్లాంట్ల, సిమెంట్ ఫ్యాక్టరీల పెద్ద పెద్ద డక్టులు వేరే కథ. మన జిల్లాల దామరచర్ల దిక్కు యాదాద్రి థర్మల్, వాడపల్లి సిమెంట్ ఫ్యాక్టరీలు చూసినోళ్లకు తెలుసు. అక్కడ ప్రెషర్ తక్కువ, దుమ్ము ఎక్కువ. లోపల స్లీవ్ లేకపోతే దుమ్ము రేకును గీరి పారేస్తది. బయట బాణం గుర్తు ఉంటుంది, ఫ్లో దిక్కుకే పెట్టాలె.

ఫిట్టింగ్ చేసేటప్పుడు: ఫ్లాంజ్ హోల్స్ కలవలేదని బెల్లోస్‌ను తిప్పి బోల్టు వేయొద్దు, మెలి పడితే రేకు నిలవదు. వెల్డింగ్ రవ్వలు పడకుండ కప్పండి. పసుపు రంగు షిప్పింగ్ రాడ్లు ఫిట్టింగ్ అయ్యేదాకా ఉంచి, ప్రెషర్ టెస్ట్‌కు ముందే తీసేయండి. కాని తీసే ముందు అవి షిప్పింగ్ రాడ్లేనా, టై రాడ్లా అని డ్రాయింగ్ చూడండి. డ్రాయింగ్ లేకపోతే తయారీదారుకు ఫొటో పంపి అడగండి. వాట్సాప్‌ల రెండు నిమిషాల పని.

మా హెడర్ సంగతి అడుగుతరని తెలుసు. ఆ బెల్లోస్ స్క్రాప్‌కు పోయింది. షెడ్డు బయట కొంచెం జాగా ఉంటే లూప్ వేసినం, యాంకర్ కొత్తగ కట్టి దాని మీద ఎర్ర రంగుతో 'కోయొద్దు' అని నేనే రాసిన. మొన్న పోయి చూస్తే రంగు వెలిసింది, మళ్లీ వేయమని చెప్పి వచ్చిన.