కూర్పునందలి గుణము

 స్నాతకులారా!

నేడు పట్టములు స్వీకరించుచున్న మీయెదుట, రాతిమీదను చెట్టు బెరడుమీదను బూడిదవన్నె పొరగా నల్లుకొను లైకెనును గూర్చి ప్రసంగింపదలచితిని. మన యిండ్లలో మసాలాకు వాడు రాతిపువ్వు ఈ జాతిదే. శిలీంధ్రమును శైవలమును ఒండొంటి నాశ్రయించి యేకదేహముగా మనుటయే దీని జీవితము.

శీతలదేశములందు పెరుగు ఐస్‌లాండు నాచు అను లైకెనునందు లైకెనిన్ అను బహుశర్కర సమృద్ధిగా గలదు. ఆ లైకెనును నీట మరిగించి వడగట్టి చల్లార్చినచో కషాయము జున్నువలె పేరుకొనును. అందలి లైకెనిన్‌ను ఆమ్లముతో విశ్లేషించినచో తుదకు లభించునది గ్లూకోజు. బియ్యపుపిండిని, ప్రత్తిలోని సెల్యులోజును విడగొట్టినను లభించునది ఆ గ్లూకోజే. మూలద్రవ్య మొక్కటియే యైనను, ఒకటి అన్నమై, వేరొకటి వస్త్రమై, మరియొకటి లైకెను దేహమై పరిణమించుటకు హేతువు గ్లూకోజు అణువులను కలుపు బంధముల తీరే సుమా! పిండియందు ఆల్ఫా బంధములు గలవు. సెల్యులోజునందు బీటా 1,4 బంధములే యుండుటచే గొలుసులు నిటారుగా సాగి, యొండొంటి నంటిపెట్టుకొని నీటికి లొంగవు. లైకెనిన్‌నందో, ఆ బంధముల నడుమ నడుమ బీటా 1,3 బంధములు చేరి గొలుసును వంచుటచే, అది వేడినీట కరగును. దానితోగూడ నుండు ఐసోలైకెనిన్ ఆల్ఫా బంధములు గలది; అది చన్నీటనే కరగి, అయోడిను చుక్క పడినంతనే నీలమగును. లైకెనిన్‌కు ఆ రంగు రాదు. మన జీర్ణరసములు లైకెనిన్‌ను విడగొట్టజాలవు. ధ్రువప్రాంతపు రెయిన్‌డీరు కడుపులోని సూక్ష్మజీవులు దానిని విడగొట్టి, ఆ మృగమును కఠోరశీతమున బ్రతికించుచున్నవి.

ఇట్టి పరిశోధన మనకు దూరమైనది కాదు. మన యూరగు కె. కోటపాటికి చేరువనే, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు, 1949లో ఢిల్లీకి తరలిపోవువరకు రసాయనశాస్త్రశాఖను నడపుచు, శిష్యులతోగూడి భారతీయ లైకెనుల రసాయనములను శోధించిరి. రోసెల్లా మాంటాగ్నై అను లైకెనునుండి మాంటాగ్నెటాల్ అను నూతనద్రవ్యమును వేరుపరచిరి. ఎవరును కన్నెత్తి చూడని బెరడుపొరను శ్రద్ధతో పరీక్షించిన వారికే ఆ ఫలము దక్కినది.

కావున మిత్రులారా, మీరందరు నభ్యసించిన విద్య యొక్కటియే యైనను, దానిని మీరు ఏ కార్యముతో, ఏ జనులతో బంధించుకొందురో, ఆ బంధమును బట్టియే దాని గుణము నిర్ణయమగును. స్వార్థముతో బంధించిన విద్య బిగిసి యెవరికిని కొరగాకపోవును. ఊరి నేలతో, రైతు కష్టముతో బంధించిన విద్య జనుల కన్నమగును. మన తోటలలోని చెట్లమీదను, తూర్పుకనుమల శిలలమీదను ఎన్నియో లైకెనులు పరిశీలకుల కొరకు వేచియున్నవి. వానిని శోధించుటకు మీలో కొందరైనను పూనుకొందురుగాక! మీకు శుభమగుగాక!