లండను నగరమునకు ప్రథమయాత్ర



లండను నగరమునకు తొలిసారి పోవు తెలుగువాడు చూడదగిన స్థలముల పట్టికను బారెడు వ్రాసికొనును. నాలుగు దినములలో నలుబది చోట్లు తిరిగినవానికి చివరకు జ్ఞప్తియుండునది కాళ్లనొప్పియే.

ముందుగా ఋతువు నెంచుకొనవలెను. డిసెంబరున సాయంకాలము నాలుగు గంటలకే ప్రొద్దు గ్రుంకును. జూనున రాత్రి తొమ్మిదికిని వెలుగుండును. పిమ్మట దగ్గరదగ్గర నున్నవానిని ఒక దినమునకు చేర్చవలెను. థేమ్సునది యొడ్డున టవరు కోట, ప్రక్కనే 1894లో తెరచిన వంతెన, అచటినుండి పడవపై గ్రీనిచ్చి. కోటలో కోహినూరు పొదిగిన కిరీటమున్నది. ఆ వజ్రము కృష్ణాతీరమందలి కొల్లూరు గనిలో దొరకినదని పలువురి అభిప్రాయము. అయినను తెలుగువాడు సైతము రుసుము చెల్లించియే చూడవలెను!

బ్రిటిష్ మ్యూజియమునకు ప్రవేశ రుసుము లేదు. అచటికి మొదటి దినముననే, అలసట కలుగకమునుపే పోవలెను. 33ఏ గదిలో అమరావతి స్తూపశిల్పము లున్నవి. ఆ గది తెరచియుండు వేళలను ముందుగా విచారించుకొనవలెను. వాల్టర్ ఇలియట్ 1845లో త్రవ్వించి మదరాసునకు చేర్చిన శిల్పములలో పెక్కు 1859లో లండనుకు ఓడనెక్కినవి. అమరావతిలో నేడు మిగిలినది స్తూపపు అడుగుభాగమే. అది నిండుగా నున్ననాడు ఎట్లుండెడిదో ఆ గదిలోని యొక రాతిపలకపై చెక్కబడియున్నది. ఆ పలక వెనుకవైపున అంతకంటె ప్రాచీనమైన బోధివృక్షపూజా శిల్పమున్నది. కృష్ణయొడ్డున పుట్టినవాడు దానిని చూడక తిరిగివచ్చినచో ప్రయాణపు ఖర్చు దండుగయే.

ఒక పూట మిగిలినచో కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికకు పోవచ్చును. 1884లో మరణించిన నిఘంటుకర్త బ్రౌను దొర సమాధి అచటనే యున్నది.