పంతొమ్మిదేళ్ళ పెద్దాయన

ఈ వారం వీసా రెన్యువల్ గురించి మాట్లాడతానన్నాను. అది వచ్చే వారానికి జరిపాను, ఏమనుకోకండి. ఇవాళ ఒక కుర్రాడి గురించి చెప్పాలి.

నేను లీడ్స్‌లో ఉంటున్నానని మీకు తెలుసు. మా ఆవిడది కేర్ హోమ్ ఉద్యోగం, నాది వేర్‌హౌస్. పోయిన చలికాలం మా ఇంట్లో వాషింగ్ మెషిన్ పాడైంది. ఇంటి ఓనరు ఇదిగో అదిగో అంటూ రెండు నెలలు గడిపేశాడు. సోమవారం నాకు సెలవు కాబట్టి మూట భుజానేసుకుని లాండ్రీ షాపుకి పోయేవాణ్ణి. ఎప్పుడెళ్ళినా అక్కడ ఇద్దరు కుర్రాళ్ళు కనిపించేవాళ్ళు. ఒంటిమీద టీషర్టులు, మెషిన్లో మాత్రం అన్నీ తెల్ల చొక్కాలే. ఏదో హోటల్లో సర్వర్లు కాబోలు అనుకున్నాను.

కాదు, మోర్మన్ మిషనరీలు. వాళ్ళ సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మన హైదరాబాద్, వైజాగ్, రాజమండ్రిల్లో కూడా ఉంది. ఇద్దరిలో చిన్నవాడిది అమెరికాలో ఐడహో, బంగాళాదుంపల ఊరు. వయసు పంతొమ్మిది. పేరు అడిగితే "ఎల్డర్" అని మొదలెట్టి ఇంటిపేరు చెప్పాడు. ఎల్డర్ అంటే పెద్దాయన. మీసాలు కూడా సరిగ్గా రాలేదు, నేను పెద్దాయనా అని పిలవాలి!

పద్దెనిమిది నిండిన మగపిల్లలు ఇలా రెండేళ్ళు వెళ్తారట. ఏ దేశమన్నది వాళ్ళ చేతిలో ఉండదు, సంఘమే చెబుతుంది. జీతం లేదు. పైగా అమెరికా నుంచి వచ్చేవాళ్ళు 2020 జులై నుంచి నెలకి 500 డాలర్లు ఎదురు కట్టాలి. మనం ఏజెంటుకి ఒకేసారి కడతాం, వీళ్ళు నెలనెలా కడతారు, అంతే తేడా అని నవ్వుకున్నాను. తెల్లారి ఆరున్నరకి లేవాలి, చదువుకోవాలి, తలుపులు కొట్టాలి, పదిన్నరకి పడుకోవాలి. ఒంటరిగా ఎక్కడికీ పోకూడదు, ఇద్దరూ ఎప్పుడూ ఒకరికొకరు కనబడుతూ ఉండాలి. సోమవారం సాయంత్రం దాకా మాత్రం సొంత పనులు: బట్టలు, సరుకులు, క్షవరం. ఇంటికి ఫోను కూడా ఆరోజే. 2019 ఫిబ్రవరికి ముందైతే ఏడాదికి రెండుసార్లే ఫోను, క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ. మిగతా వారాలు ఈమెయిలే.

ఒకసారి ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళి పోయబోయాను. వద్దన్నారు. టీ, కాఫీ వాళ్ళకి నిషేధం. మనకి మనిషి ఇంటికొస్తే టీ ఇవ్వకపోతే ప్రాణం ఒప్పుకోదు కదా! మరుసటి వారం మజ్జిగ పట్టుకెళ్ళాను. పెద్దాయన రెండు గ్లాసులు తాగాడు.

మెషిన్ తిరుగుతున్నంతసేపూ ఆ కుర్రాడు బుక్ ఆఫ్ మోర్మన్ చదువుతూ ఉండేవాడు. 1830లో జోసెఫ్ స్మిత్ అచ్చువేయించిన పుస్తకం, వాళ్ళకి బైబిలుతో పాటు అదీ గ్రంథమే. ఇందులో ఏముంది బాబూ అని అడిగితే మొదటి కథ చెప్పాడు. లేహై అనే ఆయనకి దర్శనం వస్తుంది, పెళ్ళాం పిల్లలతో యెరూషలేము వదిలి అరేబియా ఎడారిన పడతాడు. ఎనిమిదేళ్ళు నడిచి, పళ్ళూ తేనే దొరికే సముద్రతీరం చేరతారు. ఆ చోటు ఒమన్‌లో సలాలా వైపు అయుంటుందని తమవాళ్ళలో కొందరు పండితులు అంటారని చెప్పాడు.

సలాలా! నేను ఏడేళ్ళు డ్రైవరుగా చేసిన ఊరు. కొబ్బరి చెట్లు, అరటి తోటలు, జూన్ దాటితే సన్నటి వాన. మా కోనసీమే లేచొచ్చినట్టుంటుంది. వాళ్ళ కథ నిజమో కాదో నాకు తెలీదు, నేను వాళ్ళ మతంవాణ్ణి కాదు, ఆ ఉద్దేశమూ లేదు. కానీ ఆ పేరు వినగానే కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. దారి మొదట్లోనే లేహై కొడుకుల్ని ఇత్తడి రేకుల మీద రాసిన గ్రంథం తెమ్మని వెనక్కి పంపిస్తాడు. వాళ్ళు ఎంతకీ రారు. తల్లి శరయ మొగుడి మీద విరుచుకుపడుతుంది. నీ దర్శనాలు నమ్మి ఉన్న ఊరు వదిలాం, ఇప్పుడు నా పిల్లలు లేకుండా పోయారు అని. "చిన్నప్పుడు ఆవిడది సణుగుడు అనుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చాక మా అమ్మ గొంతులో వినబడుతోంది" అన్నాడు. మూడు వారాలుగా ఒక్క తలుపూ సరిగ్గా తెరుచుకోలేదట. రాత్రుళ్ళు ఏడుపొస్తోందట. అమ్మకి మాత్రం అంతా బాగుందనే చెప్తున్నాడు.

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. సలాలాలో నా కంపెనీ నాలుగు నెలలు జీతం ఆపేసింది. చెప్పడానికి అబద్ధాలు కూడా అయిపోయి ఏడు వారాలు ఇంటికి ఫోన్ చెయ్యలేదు. మా నాన్న కొబ్బరితోట తాకట్టు పెట్టి నన్ను పంపాడు. ఆ ఏడు వారాల్లో ఒకరాత్రి మా అమ్మ "కలలు కన్నది నువ్వు, పోయింది నా కొడుకు" అందట. నాన్న పల్లెత్తు మాట అనలేదు. తెల్లారి సైకిలేసుకుని, మా వైపువాడెవడో ఒమన్ నుంచి వచ్చాడంటే పక్కూరు వెళ్ళి నా గురించి వాకబు చేశాడు. ఇదంతా నాన్న పోయాక మా చెల్లి చెబితే తెలిసింది. ఆయనుండగా నాకెవరూ చెప్పలేదు.

అదే చెప్పాను కుర్రాడికి. నా ఇంగ్లీషులో ఎంత అర్థమైందో ఏమో. వాళ్ళ కథలో లేహై కూడా తిరిగి కోప్పడలేదట, అవును నేను కలలు కనేవాణ్ణే అని ఒప్పుకుని ఆవిణ్ణి ఓదార్చాడట. కాసేపటికి ఫోన్ తీసుకుని బయటికెళ్ళాడు. వాన పడుతోంది. రెండోవాడు అద్దాల తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాడు, రూలు కదా. చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు. లోపలికొచ్చి చొక్కాలు మడతపెట్టుకున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆరువారాలకోసారి వాళ్ళకి బదిలీల లెక్క. తర్వాత నెలలో వేరే ఊరు పంపేశారు.

ఇక నా సంగతి. జనవరి నుంచి వేర్‌హౌస్‌లో నాకు వారానికి మూడు షిఫ్టులే ఇస్తున్నారు. ఆ ఆదివారం అమ్మకి ఫోన్ చేసి ఆ మాట చెప్పేశాను.

"తెలుసులేరా" అంది. "నెల్రోజుల్నుంచి ఫోన్ చేస్తే చలి గురించి తప్ప ఇంకేం చెప్పట్లేదు నువ్వు."

సరే అండీ. వచ్చే సోమవారం వీసా రెన్యువల్, ఈసారి తప్పకుండా. ఉంటాను.