నీళ్ళ బరువు మోసే బల్ల



ఈ రోజు పలక పక్కన పెడదాం. టేపు చేతికి తీసుకుందాం. మంచినీళ్ళ కుండ, క్యాన్లు పెట్టుకోవడానికి చెక్క బల్ల ఎట్లా చేసుకోవాలో చెబుతాను.

"అది వడ్రంగి పని గదా, టీచరమ్మా!" అంటారేమో. ముందు మా ఇంట్లో జరిగింది వినండి.

మేము నీళ్ళ క్యాను ఒక పాత స్టూలు మీద పెట్టేవాళ్ళం. దాని కాళ్ళు ఊగుతుండేవి. "రేపు మేకు కొడదాంలే" అనుకుంటూ రోజులు గడిపాం. ఒక రోజు మా తమ్ముడు గ్లాసుతో నీళ్ళు పట్టుకుంటున్నాడు. స్టూలు ఒరిగింది. నిండు క్యాను వాడి పాదం మీద పడింది. బొటనవేలు ఎముక విరిగింది. నెల రోజులు బడికి పోలేదు. తప్పు వాడిది కాదు. నీళ్ళు ఎంత బరువో మేము లెక్క వేసుకోలేదు. నేను పిల్లలకు లెక్కలు చెప్పేదాన్నే!

మన పల్నాడులో కొన్ని ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. నీళ్ళు కాచినా ఫ్లోరైడు పోదు. అందుకే చాలామంది క్యాన్లు కొంటున్నారు. ఇంట్లో బరువు పెరిగింది. స్టూలు మాత్రం పాతదే!

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక లీటరు నీళ్ళు ఒక కిలో తూగుతాయి.

రెండు 20 లీటర్ల క్యాన్లు: 40 కిలోలు.
కుండలో 10 లీటర్ల నీళ్ళు: 10 కిలోలు.
ఖాళీ కుండ: సుమారు 5 కిలోలు.
మొత్తం: 55 కిలోలు.

పట్నంలో చేపల తొట్టి చూశారా? అది 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అడుగు ఎత్తు ఉంటే, దాంట్లో సుమారు 56 లీటర్ల నీళ్ళు పడతాయి. అందుకే దాని కింద గట్టి బల్ల వేస్తారు. అంత బరువూ మన వంటింట్లోనూ ఉంది. మరి మన బల్ల గట్టిగా ఉండొద్దా?

కావలసిన చెక్క ఇది. బాగా ఆరిన వేప గాని, తుమ్మ గాని తీసుకోండి. పచ్చి కట్టె ఆరేకొద్దీ వంకర పోతుంది. కోత మిల్లులో ఈ కొలతలు చూపించి కోయించండి.

కాళ్ళు 4. పొడవు 2 అడుగులు. మందం 2 అంగుళాలు, వెడల్పు 2 అంగుళాలు.
దూలాలు 2. పొడవు 3 అడుగులు. మందం 2 అంగుళాలు, ఎత్తు 3 అంగుళాలు.
పై చెక్కలు 6. పొడవు 18 అంగుళాలు, వెడల్పు 6 అంగుళాలు, మందం 1 అంగుళం.
అడ్డంగా, ఏటవాలుగా కొట్టడానికి కొన్ని పట్టీలు.

ఇక ముఖ్యమైన మాట. మన ఇంటి దూలం గోడ మీద కూర్చుంటుంది. గోడ పక్కన మేకులకు వేలాడదు గదా! ఇక్కడా అంతే. దూలాన్ని కాళ్ళ తల మీద పెట్టండి. కాలి పక్కన పెట్టి మేకు కొట్టవద్దు. బరువు మొయ్యవలసింది కట్టె. మేకు పని పట్టి ఉంచడమే.

దూలం, కాలు కలిసే చోట రెండింటినీ కలిపి ఒక చెక్క ముక్క బిగించండి. కాళ్ళకు పైన ఒకటి, కింద ఒకటి అడ్డపట్టీలు వెయ్యండి. వెనక వైపు, రెండు పక్కల ఏటవాలు పట్టీ కొట్టండి. అది లేకపోతే బల్ల మా స్టూలులాగే ఊగుతుంది. గట్టి చెక్కలో ముందు సన్నని చిల్లు పెట్టి స్క్రూ బిగించండి. అప్పుడు చెక్క పగలదు.

పై చెక్కలు దూలాల మీద అడ్డంగా పేర్చండి. 6 చెక్కలు, ఒక్కొక్కటి 6 అంగుళాలు. ఆరు ఆర్లు 36. అంటే 3 అడుగులు. సరిపోయింది! ఇప్పుడు టేపుతో ఐమూలగా కొలవండి. ఈ మూల నుంచి ఆ మూలకు 40 అంగుళాల పావు రావాలి. రెండో వైపూ అంతే రావాలి. తేడా వస్తే బల్ల వంకరగా ఉన్నట్టు. మేకులు బిగించక ముందే సరిచెయ్యండి.

కాళ్ళ కింద నాపరాయి ముక్కలు పెట్టండి. మన పల్నాడులో నాపరాళ్ళకు కరువా? తడి, చెదలు తొందరగా ఎక్కవు. బల్ల మీద పళ్ళెంలో నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు ఒక పక్కకు చేరితే ఆ కాలి కింద ఇంకో ముక్క పెట్టండి.

నీళ్ళు పెట్టక ముందు మీరు ఇద్దరు ఎక్కి కూర్చోండి. కిర్రుమనకూడదు. ఊగకూడదు. తరువాత బల్లను గోడకు ఆనించి పెట్టండి. పిల్లల్ని దాని మీదకు ఎక్కనివ్వకండి.

బల్ల 28 అంగుళాల ఎత్తు ఉంటుంది. కుళాయి ఉన్న కుండ అంచున పెడితే కింద గ్లాసు పట్టుకోవచ్చు. కుండలో చెయ్యి ముంచనక్కరలేదు. మురికి చెయ్యి ముంచితే పిల్లలకు నీళ్ళ విరేచనాలు పట్టుకుంటాయి. మీకూ నడుం వంచే బాధ తగ్గుతుంది.

మా ఇంటి బల్ల నేనూ, మా అమ్మా చేశాం. రెండు ఆదివారాలు పట్టింది. ఒక చెక్క తప్పు కోశాం. అయినా నిలబడింది. చివరికి బల్ల అడుగున అమ్మ పెన్సిలుతో తన పేరు రాసింది.

ఈ రాత్రి మీ ఇంట్లో నీళ్ళు దేని మీద పెట్టారో చూడండి. చేత్తో ఊపి చూడండి. ఎన్ని లీటర్లో, ఎన్ని కిలోలో కాగితం మీద రాసి రేపు తీసుకురండి. కలిసి కొలుద్దాం.